కాఫీ పండించే మనం కాఫీ ఎందుకు తాగం?

కాస్త పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

అరకు కాఫీ మీద ఏ వార్త వచ్చినా మన గ్రూపులో నిమిషంలో పది మంది షేర్ చేస్తారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరిచారన్న వార్త ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో అరకు కాఫీ గురించి మాట్లాడారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనే స్టాల్ పెట్టారు. అన్నీ మంచివే, నేనూ షేర్ చేసినవాణ్ణే. కానీ ఆ వార్తల్లో ఫోటోలు ఒకసారి జాగ్రత్తగా చూడండి. కప్పు పట్టుకున్న చెయ్యి ఒకరిది, పండ్లు కోస్తున్న చెయ్యి ఇంకొకరిది. పండ్లు కోసే చెయ్యి మన అమ్మదో, అక్కదో, పిన్నిదో. ఆ చేతిలో కప్పు ఉన్న ఫోటో నాకు ఇంతవరకు కనిపించలేదు.

మా హాస్టల్లో మనవాళ్ళని అడిగాను. పాడేరు, హుకుంపేట, పెదబయలు, చింతపల్లి, జీకే వీధి వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో అరెకరమో ఎకరమో రెండెకరాలో కాఫీ ఉన్నవాళ్ళే ఎక్కువ మంది. "మరి ఇంట్లో కాఫీ తాగుతారా?" అంటే నవ్వారు. ఒక్క తమ్ముడు మాత్రం తాగుతామన్నాడు. ఏం కాఫీరా అంటే, సంతలో కొన్న రెండు రూపాయల పాకెట్ అట. గుమ్మం ముందు టార్పాలిన్ మీద కాఫీ ఆరబోసి ఉంటుంది, చుట్టం వస్తే పక్కింటి పిల్లాణ్ణి కొట్టుకి పంపి పాకెట్ తెప్పిస్తారు. ఆ పాకెట్‌లో ఉన్నది ఎక్కడి గింజో కూడా మనకి తెలియదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాఫీ తోట ఉన్న ప్రతి ఇంట్లో, ఆ ఇంటి కాఫీని, పాలు కలపకుండా, ఏడాదికి ఒక్కసారైనా కాచి రుచి చూడాలి. అలవాటు చేసుకోమనడం లేదు, నాకే అలవాటు కాలేదు. రుచి చూడమంటున్నాను అంతే. చోళ్ళు పండించినవాడు అంబలి తాగి ఈ ఏడు చోళ్ళు ఎలా ఉన్నాయో చెప్తాడు. పసుపు కొమ్ము విరిచి రంగు చూస్తాం. మిరియం కొరికి చూస్తాం. చింతపండు నాలుక మీద పెట్టుకోకుండా సంతకి మోసుకెళ్ళం. ఒక్క కాఫీ దగ్గర మాత్రం మన నాలుకకి పని లేకుండా పోయింది.

ఎందుకలా అయిందంటే దానికి కారణాలున్నాయి. మనవాళ్ళకి తెలివి లేక కాదు.

మొదటిది, కాఫీ మన దగ్గరికి తాగే వస్తువుగా రాలేదు. 1898 ప్రాంతంలో తూర్పు గోదావరి ఏజెన్సీలో పాములేరు లోయలో తెల్లదొరల కాలంలో మొదట వేశారని చదువుకున్నాం. ఆ తర్వాత చాలా ఏళ్ళకి అటవీ శాఖ తోటలు, ఆ తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి మన రైతులకి మొక్కలివ్వడం. పోడు కొట్టొద్దు, దాని బదులు ఇది వేసుకోండి, నీడకి సిల్వర్ ఓక్ వేసుకోండి, ఓక్ చెట్టుకి మిరియాల తీగ పాకించుకోండి అన్నారు. అంటే మనకి అది మొదటి రోజు నుంచీ అమ్మే పంట. చోడి గింజ ఇంట్లోకి వస్తుంది, కాఫీ గింజ ఇంట్లోంచి పోతుంది. మా తాత లెక్కలో కాఫీ అంటే పుస్తెలకీ పుస్తకాలకీ డబ్బు. డబ్బుని ఎవరైనా కాచుకు తాగుతారా?

రెండోది పాలు. బయట కాఫీ అంటే పాలు. మన తెగల్లో చాలా వాటికి పాలు పితికి తాగే అలవాటు పూర్వం లేదు. ఆవు పాలు దూడవి. మా తాత తరంలో పశువుని దుక్కికీ పేడకీ పెంచారు కానీ పాల కోసం పెంచలేదు. ఈ మాట కాలేజీలో చెప్తే కొందరు నమ్మరు, ఇంకొందరు జాలిపడతారు. జాలి దేనికో నాకర్థం కాదు. మనకి చోడి అంబలి ఉంది, సామ జావ ఉంది, ఆకలి నెలల్లో మామిడి టెంక అంబలి ఉండేది, పొద్దున్నే జీలుగు కల్లు ఉండేది. ఆనపకాయ బుర్రలో అంబలి పోసుకుని కొండెక్కితే మధ్యాహ్నం దాకా కడుపు అడగదు. అలాంటి కడుపుకి సగం గ్లాసు తియ్యటి పాలల్లో కలిపిన గోధుమ రంగు నీళ్ళు ఇచ్చి ఇది కాఫీ, తాగు అంటే ఎందుకు నచ్చుతుంది?

నాకూ అలాగే నచ్చలేదు. ఇంటర్‌కి పట్నం వచ్చినప్పుడు క్లాసువాళ్ళతో కలిసి బడ్డీ దగ్గర తాగాను. పాలవాసన, పంచదార, చివర్లో గొంతులో చేదు. రెండు మూడుసార్లు తాగి మానేశాను. "మీ అరకువాళ్ళకే కాఫీ నచ్చదా?" అని అందరూ నవ్వేవారు. మాది అరకు కాదు, పాడేరు దగ్గర అని చెప్పినా లాభం లేదు, పట్నంవాళ్ళకి ఏజెన్సీ మొత్తం అరకే. తర్వాత డిగ్రీలో కెమిస్ట్రీ చదివేటప్పుడు ఆ పొడి డబ్బా వెనక చిన్నక్షరాలు చదివాను. కాఫీ ఇంత శాతం, చికోరీ ఇంత శాతం అని ఉంది. చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు. మన దేశంలో ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలు. మిగతా 49 వేరు పొడి అయినా చట్టానికి అభ్యంతరం లేదు, డబ్బా మీద రాయాలంతే. ఆ కాఫీ అయినా చవక పొడుల్లో చాలావరకు రొబస్టా. మన కొండల్లో ఎక్కువగా ఉన్నది అరబికా. రొబస్టాలో కెఫీన్ అరబికా కంటే దాదాపు రెట్టింపు, చేదు కూడా ఎక్కువే. అంటే నేను బడ్డీ దగ్గర తాగి వద్దనుకున్న దాంట్లో మా తోటలో పండేది బహుశా ఒక్క గింజ కూడా లేదు.

అది తెలిశాక, ఇంకోసారి తాగి చూడాలనిపించింది. ఈసారి మా ఇంటిది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళాను. కోత చివరి రోజులు. అయ్య అమ్మకానికి కట్టిన సంచుల్లోంచి రెండు రకాలు తీశాను. ఒకటి డిసెంబరు మొదట్లో ఎర్రగా పండినవి ఏరి కోసి, పల్పర్‌లో వేసి, రాత్రంతా నానబెట్టి జిగురు పోయేదాకా కడిగి, టార్పాలిన్ మీద ఆరబెట్టిన పార్చ్‌మెంట్. రెండోది పండుగ ఖర్చుకని తొందరలో పండూ పచ్చీ కలిపి దూసేసి, టార్పాలిన్ చాలక వాకిట్లో నేల మీదే ఆరబోసింది. ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. అమ్మమ్మ మాత్రం పక్కన వచ్చి కూర్చుంది.

పార్చ్‌మెంట్ పైపొట్టు తియ్యడానికి మిషన్ కావాలేమో అనుకున్నాను. అమ్మమ్మ సామలు దంచే రోట్లోనే పోసి మెల్లగా నాలుగు పోట్లు వేసింది, చేటతో చెరిగింది. పొట్టు ఎగిరిపోయింది, ఆకుపచ్చ బూడిద రంగు గింజ మిగిలింది. చేట పట్టడం వచ్చినవాళ్ళకి ఇదొక పనే కాదు. తర్వాత మట్టి మూకుడులో సన్నమంట మీద వేయించాం, చెక్క గరిటెతో ఆపకుండా కలుపుతూ. ముందు పచ్చిగడ్డి వాసన, తర్వాత రొట్టె కాలిన వాసన, గింజ పసుపు రంగు నుంచి గోధుమ రంగుకి తిరుగుతుంది. పది పన్నెండు నిమిషాలకి పేలాలు వేగినట్టు టప్ టప్ మని శబ్దం మొదలైంది. ఆ శబ్దం ఆగబోతుండగా దించెయ్యాలి. ఇంకా ఉంచితే నల్లబడి నూనె కక్కుతుంది, అప్పుడు ఏ తోట గింజైనా బొగ్గు రుచే. దించిన వెంటనే చేటలో పోసి విసురుతూ చల్లార్చాలి. ఒక రోజు అలాగే ఉంచి మర్నాడు దంచుకుంటే ఇంకా మంచిది, కానీ మాకంత ఓపిక లేదు.

బరకగా దంచి, మరిగి దించిన నీళ్ళు పోసి, నాలుగు నిమిషాలాగి గుడ్డలో వడకట్టాను. పాలు లేవు, పంచదార లేదు. రెండు గ్లాసులు, రెండు రకాలు.

మొదటి గ్లాసు ఎర్రపండుది. వేడిగా ఉన్నప్పుడు చేదే తెలిసింది. నిజం చెప్పాలంటే మొహం చిట్లించాను. కొంచెం చల్లారాక చిన్న పులుపు, చింతకాయ అంత కాదు, పండిన ఉసిరి కొరికాక మిగిలే పులుపు. ఇంకా చల్లారాక నాలుక చివర తీపి. పంచదార వెయ్యని నీళ్ళల్లో తీపి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మళ్ళీ మళ్ళీ తాగాను. అమ్మమ్మ ఒక గుక్క తాగి, "ఇప్పపువ్వు ఎండినాక ఉంటాది చూడు, అలాగుంది" అంది.

రెండో గ్లాసు తాగి వెంటనే కింద పెట్టేసింది. "దీంట్లో మట్టి ఉందిరా. కరక్కాయ కొరికినట్టు నాలిక పట్టేస్తంది."

నేనేమీ చెప్పలేదు. ఏ గ్లాసు ఏదో కూడా చెప్పలేదు. ఆమె బడికి వెళ్ళలేదు, కాఫీ జన్మలో తాగలేదు, రెండు గుక్కల్లో రెండు తప్పులూ పట్టుకుంది. పచ్చికాయ కలిస్తే వగరు వస్తుంది. నేల మీద ఆరబెడితే మట్టివాసన గింజలోకి ఎక్కుతుంది. అది వేయించినా పోదు. మా అయ్యకి ఈ మాటలు కొత్తవి కావు. ఎర్రవే కొయ్యండి, నేల మీద ఆరెయ్యకండి అని ఊళ్ళోకి వచ్చిన ప్రతి అధికారీ చెప్పాడు, గోడకి పోస్టరు కూడా ఉంది. అయినా పోస్టరు పోస్టరే. ఆ రోజు అయ్య రెండు గ్లాసులూ తాగి, ఏమీ మాట్లాడకుండా వాకిట్లోకి వెళ్ళి, ఆరేసిన దాంట్లోంచి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. రుచి తెలియనివాడికి నాణ్యత అంటే ఎవరో చెప్పిన నియమం. ఎందుకో తెలియని నియమాన్ని పండుగ ముందు, అప్పు తీర్చాల్సిన వారం ముందు ఎవరూ పాటించరు. రుచి తెలిసినవాడికి అది తన సరుకు సంగతి. పైగా కొనేవాడు "నీ సరుకు బాగోలేదు, ఇంతే ఇస్తా" అన్నప్పుడు నిజంగా బాగోలేదో, బేరం కోసం అంటున్నాడో మనకెలా తెలుస్తుంది? మిరియాల దగ్గర మనల్ని మోసం చెయ్యడం కష్టం, ఎందుకంటే మిరియం మనమే కొరికి చూపిస్తాం. కాఫీ దగ్గర ఆయన నోటి మాటే తీర్పు. పూత కూడా రాకముందే అడ్వాన్సులిచ్చి పంట రాయించుకునే షావుకార్లు ఇంకా ఉన్నారు, మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు. వాళ్ళకి మంచి సరుకూ చెడ్డ సరుకూ ఒకటే సంచిలో ఒకటే ధరకి రావాలి. మన నాలుక తెరుచుకుంటే వాళ్ళకే ఇబ్బంది.

ఇక డబ్బు లెక్క. 2024-25 సీజన్‌లో జీసీసీ అరబికా పార్చ్‌మెంట్ కిలోకి 400 రూపాయలు ప్రకటించింది. అంతకుముందుతో పోలిస్తే చాలా మంచి ధర, కాదనను. కిలో పార్చ్‌మెంట్‌కి అటూ ఇటూగా ఐదు కిలోల పండు కొయ్యాలి. దాన్ని దంచితే పొట్టు పోయి 800 గ్రాముల గింజ. వేయిస్తే తేమ పోయి 670 గ్రాములు. కప్పుకి 15 గ్రాములు ధారాళంగా వేసినా 44 కప్పులు. అంటే ఒక కప్పులో మన ఇంటి వాటా తొమ్మిది రూపాయలు. ఆ తొమ్మిదిలోనే కోత కూలీ, కలుపు, కొండ మీద నుంచి మోత, పల్పింగ్, ఆరబోత, వాన వస్తే పరుగు. అదే కప్పు విశాఖలో ఏసీ షాపులో "అరకు" అని బోర్డు పెట్టి రెండొందలకి అమ్మడం చూశాను. షాపువాడికి అద్దె ఉంది, పాలు, కరెంటు, జీతాలు ఉన్నాయి. మొత్తం దోచేస్తున్నాడని నేననను, అలా అని గ్రూపులో లైకులు తెచ్చుకోవడం తేలిక. కానీ తొమ్మిదికీ రెండొందలకీ మధ్య ఉన్న పనుల్లో, దంచడం, వేయించడం, రుచి చూసి గ్రేడు చెప్పడం, పాకెట్ కట్టడం, వీటిల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నది అడగాల్సిందే. పండు కొయ్యడం దగ్గరే మనం ఆగిపోతే ధర ఎంత పెరిగినా మన వాటా ఆ తొమ్మిది చుట్టూనే తిరుగుతుంది.

రుచి చూడడమే ఒక ఉద్యోగం అని ఇక్కడ చాలామందికి తెలియదు. దాన్ని కప్పింగ్ అంటారు. ఎనిమిదింపావు గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్ళ లెక్కన పోసి, నాలుగు నిమిషాలాగి, పైన కట్టిన తెట్టుని చెంచాతో విరిచి వాసన చూస్తారు. తర్వాత చెంచాతో తీసుకుని సుర్రుమని గట్టిగా శబ్దం చేస్తూ పీలుస్తారు. (అంబలి సుర్రుమని తాగితే మెస్సులో మనల్ని వింతగా చూస్తారు. అక్కడ అలా తాగడమే పద్ధతి.) వాసన, పులుపు, తీపి, నోట్లో బరువు, మింగాక మిగిలేది, ఇలా ఒక్కోదానికీ మార్కులు, మొత్తం వంద. 80 దాటితే స్పెషాల్టీ కాఫీ అంటారు, దానికి ధర వేరు. ఆ మార్కులు వేసే టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్ళు వాడే మాటలు పాకెట్ల మీద చూడండి. బ్లూబెర్రీ, బెర్గమాట్, కారమెల్. మన కొండ మీద పండిన గింజకి మనం ఎప్పుడూ తినని పండు పేరు! వాళ్ళ తప్పు కాదు, వాళ్ళు తిన్నది వాళ్ళు చెప్తున్నారు. అదే అమ్మమ్మని కూర్చోబెడితే ఇప్పపువ్వు అంటుంది, పనస తొన అంటుంది, కరక్కాయ అంటుంది, అడ్డాకు కాలిన వాసన అంటుంది. అడవిలో ఏ ఆకు చేదో, ఏ దుంప దురదో, ఏ పుట్టగొడుగు తినొచ్చో నాలుకతో ముక్కుతో తేల్చుకున్న జాతి మనది. రుచి చెప్పడంలో మనకి పేదరికం లేదు.

కాఫీ పండించేవాళ్ళు కాఫీ తాగకపోవడం ప్రపంచమంతా ఉన్న సంగతేనా అని చూస్తే, కాదు. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. అక్కడ పండేదాంట్లో దాదాపు సగం వాళ్ళే తాగేస్తారు. చుట్టం వస్తే ఇంటి ఆడవాళ్ళు పచ్చి గింజ తెచ్చి చుట్టం ఎదురుగానే వేయిస్తారు, ఆ పొగని అందరి దగ్గరకీ తిప్పి వాసన చూపిస్తారు, దంచి, మట్టి కూజాలో కాచి, మూడు విడతలు పోస్తారు. మొదటి విడత అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. మూడోది తాగకుండా లేచిపోవడం మర్యాద కాదు. బ్రెజిల్ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండిస్తుంది, తాగడంలో కూడా రెండో స్థానంలో ఉంది. ఆ దేశాల్లో రైతు కష్టాలు లేవని కాదు, బోలెడున్నాయి. అయినా వాళ్ళ ఇంట్లో ఆ గింజకి ఒక చోటు ఉంది. మన ఇంట్లో అది గుమ్మం బయటే ఆగిపోయింది.

దీని మీద ఒక అన్న నాతో గట్టిగానే వాదించాడు. "ఇప్పటికే చోళ్ళు, సామలు, కొర్రలు వెనక్కి పోతున్నాయి. బియ్యం వచ్చింది, మైదా వచ్చింది, కూల్‌డ్రింకు వచ్చింది. ఇప్పుడు నువ్వు కాఫీ కూడా తాగమంటావా? అది మన సంస్కృతా?" అన్నాడు. ఆయన భయంలో నిజం ఉంది, తీసిపారెయ్యను. అంబలి మానేసి కాఫీ తాగమంటే నేనే అడ్డం పడతాను. అంబలిలో కడుపు నిండుతుంది, కాల్షియం ఉంది. కాఫీలో తిండి లేదు. కానీ కాఫీ మన సంస్కృతి కాదు కాబట్టి దాని రుచి మనకి తెలియక్కర్లేదు అంటే నేను ఒప్పుకోను. రెండు తరాలుగా మన కొండ వాలు మీద, మన వాన తాగి, మార్చి ఏప్రిల్‌లో ఒక వాన పడగానే మల్లెపూల వాసనేసే ఆ చెట్టు మనది కాకుండా ఎవరిది? దాని కొమ్మ ఎక్కడ కత్తిరించాలో మనకి తెలుసు, కాండం తొలిచే పురుగు ఎప్పుడు పడుతుందో తెలుసు. 2025లో అరకు మండలంలో కాయతొలిచే పురుగు కనిపించిందన్నప్పుడు నిద్రపోనిది మనవాళ్ళే. అన్నీ తెలిసి, చివర గింజ రుచి ఒక్కటీ పరాయివాడికి వదిలెయ్యడం ఏం సంస్కృతి?

మధ్యలో ఒక జాగ్రత్త చెప్పాలి, ముఖ్యంగా చెల్లెళ్ళకి. మన ఏజెన్సీలో రక్తహీనత ఎక్కువ. కాఫీ అయినా టీ అయినా అన్నంతో పాటు గానీ, తిన్న వెంటనే గానీ తాగితే తిండిలో ఉన్న ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్రలు వాడేవాళ్ళు అసలే వాటితో కలిపి తాగకండి, మధ్యలో గంటా రెండు గంటలు ఉండనివ్వండి. గర్భిణులు, చిన్నపిల్లలు దీనికి దూరంగా ఉండడమే మంచిది. రుచి చూడడానికి రెండు గుక్కలు చాలు, గ్లాసులు ఖాళీ చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు చదువుకుంటున్నవాళ్ళకి ఒక పనికొచ్చే మాట. కాఫీ బోర్డువాళ్ళు కాఫీ నాణ్యత మీద ఒక పీజీ డిప్లొమా నడుపుతారు, పేరు పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా ఇన్ కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్. ఏడాది కోర్సు. కొంతకాలం చిక్కమగళూరు జిల్లా బాలెహొన్నూరులో ఉన్న కేంద్ర కాఫీ పరిశోధన సంస్థలో, మిగతాది బెంగళూరులో. డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫుడ్ సైన్స్ లాంటివో, అగ్రికల్చరో చదివినవాళ్ళు అర్హులు. మన హాస్టళ్ళలో బీజెడ్‌సీ చదివి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతమంది లేరు? డీఎస్సీకి చదవొద్దనడం లేదు, ఇది కూడా ఒక దారి అంటున్నాను. అంత దూరం వద్దనుకుంటే, వేయించడం, కాచడం నేర్పే కొద్దిరోజుల శిక్షణ కూడా కాఫీ బోర్డు ఇస్తుంది, కాపీ శాస్త్ర అని. ఇంకా దగ్గర కావాలంటే జీకే వీధి మండలం ఆర్వీ నగర్‌లో కాఫీ పరిశోధనా కేంద్రం మన మధ్యలోనే ఉంది. మనలో ఎందరు దాని గేటు దాటి లోపలికి వెళ్ళాం? నోటిఫికేషన్లు ఎవరికైనా కనిపిస్తే ఇక్కడ పెట్టండి, ఉద్యోగాల నోటిఫికేషన్ పెట్టినట్టే.

నేను కాఫీ తాగేవాణ్ణి అయిపోయానా అని రూమ్మేట్లు అడుగుతున్నారు. లేదు. పొద్దున్నే నాకు కాఫీ అక్కర్లేదు, పరీక్షల ముందు రాత్రి ఒక గ్లాసు కాచుకుంటున్నాను, అదీ ఇంటి నుంచి తెచ్చిన పొడి ఉన్నంతవరకే. బడ్డీ కాఫీ ఇప్పటికీ నాకు పడదు. అమ్మమ్మ మాత్రం మొన్న ఫోన్లో, "ఆ నల్లనీళ్ళు మల్లీ ఎప్పుడు కాస్తావురా?" అని అడిగింది. అయ్య ఈసారి ఎర్రపండు సంచి వేరుగా కట్టాడట, మిగతా దాంట్లో కలపలేదట. దానికి ఎక్కువ ధర వచ్చిందా అంటే ఇంకా రాలేదు, కొనేవాడు రెండింటికీ ఒకటే రేటు చెప్పాడు. అయ్య ఇవ్వలేదు. వెనక్కి తెచ్చి అటక మీద పెట్టాడు. ఏం జరుగుతుందో చూడాలి.

పరీక్షలయ్యాక ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకి నా విన్నపం ఒకటే. అమ్మకుండా మిగిలిన పార్చ్‌మెంట్ ఏమైనా ఉంటే పావు కిలో తీసుకురండి. ఏ ఊరిది, ఎప్పుడు కోసింది, దేని మీద ఆరబెట్టింది, ఒక చీటీ మీద రాసి సంచిలో వెయ్యండి. రోలు, మూకుడు, చేట నేను చూసుకుంటాను. ఒక ఆదివారం హాస్టల్ వెనక చెట్టుకింద కూర్చుందాం. ఏ ఊరి గింజ ఎలా ఉందో మన మాటల్లోనే రాసుకుందాం, తెలుగులో కుదరకపోతే కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో. పాలు, పంచదార తేవద్దు. రాగలిగినవాళ్ళు కింద ఊరి పేరు రాయండి.

జోహార్.